సముద్రంలో రాతి దిబ్బ మీద లైట్‌హౌస్: ఎడ్డిస్టోన్ కథ తెలిసినవాళ్లు, తెలుసుకోవాలనుకునేవాళ్లు రండి

హన్మకొండ లెక్చరర్
ఆదివారం ఉదయం

డిప్లొమా సివిల్ పిల్లలకు సిమెంటు పాఠం మొదలుపెట్టినప్పుడల్లా ఒక పేరు వస్తుంది. జాన్ స్మీటన్, 1756, నీళ్లలో గట్టిపడే సున్నం. పరీక్షలో ఒక మార్కు ప్రశ్న అది. పిల్లలు రాసేసి మర్చిపోతారు. ఆ ఒక్క మార్కు వెనక ఎంత పెద్ద కథ ఉందో క్లాసులో చెప్పే టైమ్ ఎప్పుడూ దొరకదు. అందుకే ఇక్కడ మొదలుపెడుతున్నా.

ఇంగ్లండు నైరుతి మూలన ప్లిమత్ అని పెద్ద రేవు ఉంది. దానికి దక్షిణంగా, దగ్గరి ఒడ్డు నుంచి 14 కిలోమీటర్ల దూరంలో, సముద్రం మధ్యలో ఎర్రటి రాళ్ల దిబ్బ. పేరు ఎడ్డిస్టోన్. పోటు వచ్చినప్పుడు దాదాపు మొత్తం మునిగిపోతుంది. పగలు చూస్తే అక్కడ నురగ తప్ప ఏమీ కనపడదు, రాత్రి అదీ కనపడదు. ప్లిమత్‌కు వచ్చే ఓడలన్నీ దాని పక్క నుంచే పోవాలి. ఎన్ని ఓడలు పగిలాయో లెక్క లేదు.

దాని మీద మొదట దీపం పెట్టినవాడు హెన్రీ విన్‌స్టాన్లీ. ఇంజినీరు కాదు, చిత్రాలు చెక్కి అచ్చువేసే కళాకారుడు. లండన్‌లో నీళ్లతో వింతలు చూపించే ప్రదర్శన నడిపేవాడు. ఆయన డబ్బు పెట్టిన ఓడలు ఈ దిబ్బకే తగిలి పోయాయి. ఆ కోపంతో తనే 1696లో పని మొదలుపెట్టాడు. మధ్యలో ఫ్రెంచివాళ్లు వచ్చి ఆయన్ను పట్టుకుపోయారు, అప్పుడు రెండు దేశాలకూ యుద్ధం. లైట్‌హౌస్ అందరి ఓడలకూ పనికొచ్చేదే కదా అని పద్నాలుగో లూయీ రాజు వదిలిపెట్టించాడు. 1698 నవంబరు 14న దీపం వెలిగింది. సముద్రం మధ్యలో, నాలుగు దిక్కులా అలలు కొట్టే రాయి మీద అంతకుముందు ఎవరూ అలాంటిది కట్టలేదు.

మొదటి చలికాలం చూశాక సరిపోదని 1699లో ఇంకా లావుగా, ఎత్తుగా మళ్లీ కట్టాడు. 1703 నవంబరు 26 రాత్రి ఇంగ్లండు చరిత్రలోనే అతి పెద్ద తుఫానుల్లో ఒకటి వచ్చింది. మరమ్మతుల కోసం విన్‌స్టాన్లీ ఆ రాత్రి అక్కడే ఉన్నాడు. తెల్లారి చూస్తే రాతిలో దిగేసిన కొన్ని ఇనుప కడ్డీలు తప్ప ఏమీ మిగల్లేదు. ఆయన, ఆయనతో ఉన్నవాళ్లు అందరూ పోయారు. రెండు రోజులకే వర్జీనియా నుంచి పొగాకు తెస్తున్న విన్చెల్సీ అనే ఓడ అదే దిబ్బకు కొట్టుకుని ముక్కలైంది.

రెండోది జాన్ రడ్యర్డ్ కట్టాడు. ఈయన లండన్‌లో పట్టు బట్టల వ్యాపారి. కానీ ఓడలు కట్టే వడ్రంగులను వెంట తెచ్చుకున్నాడు. అడుగున రాయి, చుట్టూ నిలువు చెక్కలు, సందుల్లో ఓడకు పూసినట్టే తారు లాంటి కీలు. 1709లో పూర్తయింది. నునుపుగా, అలంకారం లేకుండా ఉండేది. నలభై ఆరేళ్లు నిలబడింది. 1755 డిసెంబరు 2 రాత్రి దాన్ని నీళ్లు తీసుకుపోలేదు, పైన దీపం గదిలో నిప్పు అంటుకుని కింద దాకా కాలిపోయింది.

మూడోది స్మీటన్‌ది. దాని గురించి తర్వాత విడిగా రాస్తా. ఈలోపు ఎవరికి ఏం తెలిస్తే అది చెప్పండి.


ములుగు సివిల్ ఫైనలియర్
ఆదివారం మధ్యాహ్నం

సార్, స్మీటన్ పేరు మాకూ ఒక మార్కుకే వచ్చింది. విన్‌స్టాన్లీ పేరైతే అసలు ఎక్కడా వినలేదు. కానీ నా అభిప్రాయం ఏంటంటే ఇందులో అసలు మొనగాడు ఆయనే. అక్కడ కట్టొచ్చు అని ఎవరో ఒకరు చూపిస్తేనే కదా తర్వాతివాళ్లకు ధైర్యం వచ్చేది. చదువుకున్న ఇంజినీరు కాదు అని పక్కన పెట్టేయడం అన్యాయం.


హన్మకొండ లెక్చరర్
ఆదివారం మధ్యాహ్నం

నీ మాట నాకు నచ్చిందమ్మా. ఆయన టవర్‌లో వరండాలు, అలంకారాలు ఎక్కువ, గాలి పట్టుకోవడానికి బోలెడు మూలలు. అది లోపమే. కానీ దీపం వెలిగినన్నాళ్లు దాని విలువ ఏమిటో ఆరిపోయిన రెండు రోజులకే విన్చెల్సీ చెప్పేసింది.


జగిత్యాల - ఇప్పుడు గల్ఫ్‌లో
ఆదివారం రాత్రి

అన్నలకు నమస్తే. నేను సముద్రంలో ఆయిల్ ప్లాట్‌ఫామ్ మీద స్కఫోల్డింగ్ పని చేస్తా. మన దగ్గర చెరువు తప్ప నీళ్లు చూడని వాణ్ణి, ఇక్కడికొచ్చాక సముద్రం అంటే ఏందో తెలిసింది.

చదివేవాళ్లకు ఒక సంగతి అర్థం కావాలి. కట్టడం కంటే ముందు అసలు దాని మీద కాలు పెట్టడమే పెద్ద పని. పడవ ఒక్క చోట ఉండదు. అల వచ్చినప్పుడు మనిషంత ఎత్తు లేస్తుంది, పోయినప్పుడు అంత కిందికి దిగుతుంది. పడవ పైకి లేచిన క్షణంలోనే దూకాలి, దిగేటప్పుడు దూకితే మధ్యలో పడతాం. మాకు లైఫ్ జాకెట్, తాడు, పట్టుకోను రెయిలింగు, పైన క్రేన్, వాకీటాకీ అన్నీ ఉన్నాయి. అయినా గాలి ఎక్కువున్న రోజు సూపర్‌వైజర్ ఎవరినీ దూకనివ్వడు. 1696లో తెడ్లేసుకుంటూ పోయి, నాచు పట్టిన రాయి మీద చేత్తో సుత్తి పట్టుకుని దూకేవాళ్లు అంటే నాకు ఒళ్లు జలదరిస్తోంది. నీళ్లు దిగి రాయి బయటపడ్డప్పుడే పని చేయాలి, పోటు రాగానే సామాన్లు సర్దుకుని పడవెక్కాలి. అట్ల రోజుకు ఎన్ని గంటలు దొరుకుతాయి?


హన్మకొండ లెక్చరర్
సోమవారం రాత్రి

తమ్మీ, నువ్వు రాసింది చదివి నాకు చాలా సంతోషమైంది. పుస్తకాలు ఇది చెప్పవు. గంటల సంగతి అడిగావు కదా, మంచి రోజైతే కొన్ని గంటలు దొరికేవి, వాతావరణం తిరగబడితే వారాల తరబడి ఒక్క గంట కూడా దొరికేది కాదు.

స్మీటన్ ఆ సమస్య తోనే మొదలుపెట్టాడు. ఆయన లీడ్స్ దగ్గర ఆస్థార్ప్‌లో 1724లో పుట్టాడు. లాయరు కొడుకు. లా చదవమంటే వదిలేసి సైన్సు పరికరాలు తయారుచేసే పనిలో పడ్డాడు. లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ అధ్యక్షుడు సిఫారసు చేస్తే ఈ పని ఆయనకు వచ్చింది. అప్పటికి వయసు ముప్ఫై ఒకటి. లైట్‌హౌస్ ఎప్పుడూ కట్టలేదు. అందరూ మళ్లీ చెక్కతోనే కట్టమన్నారు. ఆయన రాయే అన్నాడు. తేలిగ్గా ఉండి అలకు వంగాలి అనేది వాళ్ల వాదన. బరువుగా ఉండి అలకు కదలకూడదు అనేది ఈయన వాదన.

ఏర్పాట్లు చూడండి. ఒడ్డుకూ దిబ్బకూ మధ్య రోజూ తిరిగితే టైమంతా దారిలోనే పోతుంది. అందుకని నెప్ట్యూన్ అనే పెద్ద పడవను దిబ్బకు దగ్గరలోనే లంగరేసి, పనివాళ్లను అందులోనే ఉంచాడు. రెండు బ్యాచ్‌లు. ఒక బ్యాచ్ సముద్రంలో ఉంటే రెండోది ప్లిమత్‌లోని మిల్‌బే యార్డులో రాళ్లు చెక్కుతుంది, తర్వాత మారతారు. అప్పుడు మళ్లీ ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలైంది. నౌకాదళం కోసం కనపడ్డ మనిషినల్లా బలవంతంగా పట్టుకుపోయే రోజులు. అందుకని లైట్‌హౌస్ పనివాళ్లకు ప్రత్యేకంగా పతకాలు చేయించి ఇచ్చారు, అది చూపిస్తే వదిలిపెట్టాలి.

స్మీటన్ ఒడ్డున కూర్చుని ఉత్తరాలు రాసే రకం కాదు. ఒక సాయంత్రం చీకట్లో దిబ్బ అంచు నుంచి కింద రాళ్ల మీద పడ్డాడు. బొటనవేలు కీలు తప్పింది. డాక్టరు ఒడ్డున ఉన్నాడు, ఒడ్డు చాలా దూరం. రెండో చేత్తో వేలు గట్టిగా పట్టుకుని ఒక్క లాగు లాగి తనే సరిచేసుకుని మళ్లీ పనికి పోయాడు.

1757 జూన్ 12న మొదటి రాయి. 1759 ఆగస్టు 24న చివరి రాయి. ఆ ఏడాదే అక్టోబరు 16న దీపం.


కరీంనగర్ రాయి
సోమవారం రాత్రి

సార్, రాళ్లు ఒకదానికొకటి ఎలా పట్టుకున్నాయో అది చెప్పండి. మాది గ్రానైటు యార్డు. టాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ బ్లాకులు కోసి పంపడమే మా పని. చిన్న బ్లాకును కదిలించాలన్నా క్రేన్ పిలుస్తాం. మాకు రాయి బరువే ధైర్యం. కానీ సముద్రపు అల టన్ను రాయిని కూడా జరిపేస్తుందంటారు, బరువొక్కటే చాలదు కదా?


హన్మకొండ లెక్చరర్
మంగళవారం ఉదయం

అసలు చోట పట్టుకున్నావన్నా. చాలదు.

స్మీటన్ రాళ్లు ఒక్కోటి ఒకటి నుంచి రెండు టన్నులు. బయట వరస కార్నిష్ గ్రానైటు, లోపల పోర్ట్‌ల్యాండ్ సున్నపురాయి. లోపలిది మెత్తన, చెక్కడం సులువు. బయట అల తగిలే చోట గ్రానైటు. ప్రతి రాయికీ డవ్‌టెయిల్ చెక్కాడు. బల్ల సొరుగు మూలల్లో వడ్రంగి వేసే కీలు గుర్తు తెచ్చుకోండి, కొస వెడల్పుగా, మెడ సన్నగా. పక్క రాయిలో దానికి సరిపోయే గుంట. పైనుంచి దించితేనే కూర్చుంటుంది, పక్కకు లాగితే రాదు.

దిబ్బ ఏటవాలుగా ఉంది. దాన్ని మెట్లు మెట్లుగా చెక్కి, ఆ మెట్లలో కూడా డవ్‌టెయిల్ గుంటలు తీసి, కింది ఆరు వరసలను నేరుగా దిబ్బలోకే బిగించాడు. ఏడో వరస నుంచి గుండ్రటి పూర్తి వరసలు. మధ్యలో ఒక రాయి, దాని నాలుగు వైపులా పొడుచుకొచ్చిన నాలుగు తోకలు. వాటికి నాలుగు రాళ్లు పట్టుకుంటాయి, వాటి చుట్టూ ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. అంటే బయటి రాయిని అల లాగాలంటే వరస మొత్తాన్ని లాగాలి. ఒక వరస మీద ఇంకో వరస జారకుండా మధ్యలో పాలరాతి దిమ్మెలు. సున్నం ఆరేలోపు రాయి లేవకుండా రంధ్రాల గుండా ఓక్ చెక్క మేకులు దిగ్గొట్టాడు. సగం ఎత్తు వరకు లోపల ఖాళీయే లేదు, గట్టి రాయి. ఆ పైనే గదులు.

ఇంకోటి చెప్తే నీకు బాగా నచ్చుతుంది. ప్రతి వరసనూ ముందు మిల్‌బే యార్డులోనే నేల మీద పేర్చి, సరిపోయిందా లేదా చూసి, గుర్తులు పెట్టి, అప్పుడే పడవ ఎక్కించేవాడు. సముద్రంలో చెక్కుకుంటూ కూర్చునే టైమ్ ఎక్కడిది.


కరీంనగర్ రాయి
మంగళవారం ఉదయం

సార్, నిజంగా దండం పెట్టాలి. గ్రానైటుకు చదరంగా అంచు కొట్టడం వేరు, లోపలికి వాలుగా తోక చెక్కడం వేరు. గుంట లోపలి మూలలు తీసేటప్పుడు ఉలి కొంచెం గట్టిగా తగిలిందా, అంచు పెచ్చు లేచిపోతుంది, అంతే, ఆ రాయి వేస్టు. మా దగ్గర పెద్ద వడ్డెర మేస్త్రీలు ఉన్నారు, రాయి మీద సుత్తితో తట్టి చప్పుడు విని లోపల పగులు ఉందో లేదో చెప్తారు. అట్లాంటి చేతులు ఎన్ని కావాలి ఆ పనికి! ఇంజినీరు పేరు చరిత్రలో ఉంది. ఆ చెక్కినోళ్ల పేర్లు కూడా ఉండాల్సింది.


మంచిర్యాల ల్యాబ్
మంగళవారం రాత్రి

నేను సిమెంటు ఫ్యాక్టరీ క్వాలిటీ ల్యాబ్‌లో చేస్తాను. సున్నం సంగతి నేను రాస్తాను.

మామూలు సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది. గాలి తగలని చోట, నీళ్లలో, అది మెత్తగా అలాగే ఉండిపోతుంది. రోజుకు రెండుసార్లు మునిగే దిబ్బ మీద ఆ సున్నంతో కడితే మాల్ మొత్తం కడుక్కుపోతుంది.

స్మీటన్ ఏం చేశాడంటే, దేశంలో దొరికే రకరకాల సున్నపురాళ్లు తెప్పించి, ఒక్కోదాన్ని కాల్చి, తడిపి, ఉండలు చేసి నీళ్లలో వేసి చూశాడు. అప్పటిదాకా మేస్త్రీలందరి నమ్మకం ఒకటే, గట్టి తెల్ల రాయి నుంచే గట్టి సున్నం వస్తుందని. ఆయన చూసింది వేరు. రాయి గట్టిదా మెత్తదా అన్నదానితో సంబంధం లేదు. తర్వాత ఆ రాళ్లను నైట్రిక్ యాసిడ్‌లో కరిగించాడు. నీళ్లలో గట్టిపడే రకాలన్నీ కరిగాక అడుగున బంకమట్టి మిగిలింది. మిగతా రకాలు మిగల్చలేదు. అంతే, గుట్టు దొరికింది. సున్నపురాయిలో కలిసి ఉన్న బంకమట్టే నీళ్లలో గట్టిపడేలా చేస్తోంది.

మేము ఇవాళ ల్యాబ్‌లో చేసేది కూడా అదే. రాయిని యాసిడ్‌లో కరిగించి కరగనిది ఎంత అని తూచడం. ఇప్పుడు మిషన్లు వచ్చాయి గానీ ఆ పరీక్ష ఇంకా ఉంది. గాజు బీకరులో రాయి పొడి వేసి యాసిడ్ పోయగానే బుసబుసా పొంగుతుంది, చల్లారాక అడుగున బూడిద రంగు బురద పలచగా పేరుకుంటుంది. కొత్తగా చేరిన పిల్లలకు నేను అది చూపించి స్మీటన్ పేరు చెప్తాను.

చివరికి ఆయన వేల్స్‌లోని అబెర్థా సున్నం తీసుకుని, ఇటలీలోని చివిటావెచియా రేవు నుంచి వచ్చిన అగ్నిపర్వతపు బూడిద, పోజోలానా, సమపాళ్లలో కలిపాడు. కీళ్ల బయటి అంచుకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూయించాడు. లోపల మాల్ గట్టిపడేలోపు అల కడిగేయకుండా అది అడ్డం ఉంటుంది.

మన పాత మేస్త్రీలు గానుగ సున్నంలో సుర్కీ కలిపేది ఎందుకు? కాల్చిన ఇటుక పొడి కూడా పోజోలానా లాగే పనిచేస్తుంది. ఇవాళ మనం కొనే పీపీసీ (పోర్ట్‌ల్యాండ్ పోజోలానా సిమెంటు) బస్తాలో కూడా అదే సూత్రం. అగ్నిపర్వతపు బూడిద బదులు థర్మల్ ప్లాంటు ఫ్లై యాష్, ప్రమాణాల ప్రకారం 15 నుంచి 35 శాతం వరకు. రామగుండం చిమ్నీల బూడిద మన ఇంటి గోడల్లో చేరుతోంది అంటే ఆ దారి వేసినవాళ్లలో స్మీటన్ ఒకడు. రోమన్లకు ఇది తెలుసు. కానీ ఎందుకు పనిచేస్తుందో కారణం వెతికి పట్టుకున్నది ఈయన.

1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌ల్యాండ్ సిమెంటు పేటెంటు తీసుకున్నాడు. అతనిదీ లీడ్సే.


ములుగు సివిల్ ఫైనలియర్
మంగళవారం రాత్రి

అన్నా, ఈ ఒక్క పోస్టుతో మా సెమిస్టర్ మెటీరియల్స్ పేపర్ మొత్తం అర్థమైంది. సేవ్ చేసుకున్నా.


గోదావరిఖని రిటైర్డ్
బుధవారం ఉదయం

అందరికీ నమస్కారం. నేను బొగ్గుబాయిలో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. కట్టినోళ్ల గురించి చెప్పారు, బాగుంది. దాంట్లో ఉన్నోళ్ల సంగతేంది? రోజూ దీపం వెలిగించేది ఎవరు? ఎన్ని రోజులకు ఒకసారి ఒడ్డుకు వచ్చేవాళ్లు? బాయిలో పనిచేసినోనికి ఒక విషయం తెలుస్తది, చీకట్ల దీపం ఎంత ముఖ్యమో, ఆ దీపం చూసుకునే మనిషి అంతకంటే ముఖ్యం.


హన్మకొండ లెక్చరర్
బుధవారం రాత్రి

పెద్దాయనా, నమస్తే. మీరు అడిగింది ఈ కథలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టే భాగం.

స్మీటన్ టవర్‌లో మొదట దీపం అంటే 24 కొవ్వొత్తులు. అద్దాలు లేవు, లెన్సు లేదు, వట్టి కొవ్వొత్తులు. రాత్రంతా మేలుకుని వాటి వత్తులు కత్తిరిస్తూ ఉండాలి. లేకపోతే మసిపట్టి వెలుగు తగ్గిపోతుంది. 1810లో గానీ నూనె దీపాలు, వెలుగును తిప్పికొట్టే రిఫ్లెక్టర్లు రాలేదు. లెన్సు 1845లో వచ్చింది.

మనుషుల సంగతి. చెక్క టవర్ రోజుల్లో మొదట ఇద్దరే కీపర్లు. ఒకసారి ఇద్దరిలో ఒకడు చనిపోయాడు. సముద్రం బాగాలేక పడవ రాలేదు. శవాన్ని నీళ్లలో వదిలితే తనే చంపాడంటారేమో అని రెండోవాడు భయపడ్డాడు. పడవ వచ్చేదాకా ఆ శవంతోనే ఆ గదుల్లో ఉన్నాడు, దీపం మాత్రం ఆరనివ్వలేదు. ఈ సంగతి స్మీటన్ తన పుస్తకంలో రాశాడు. ఆ తర్వాత ముగ్గురిని పెట్టడం మొదలైంది.

ఆ చెక్క టవర్ కాలిపోయిన రాత్రి దీపం దగ్గర డ్యూటీలో ఉన్నవాడు హెన్రీ హాల్. వయసు 94 ఏళ్లు. పైకి బకెట్‌తో నీళ్లు విసురుతుంటే, పైకప్పు సీసం కరిగి ఆయన మీద పడింది. ముగ్గురూ కిందికి దిగి రాళ్ల సందులో దాక్కుంటే ఒడ్డు నుంచి పడవలొచ్చి తీసుకెళ్లాయి. తన కడుపులోకి సీసం పోయిందని హాల్ చెప్తూనే ఉన్నాడు. ఎవరూ నమ్మలేదు. పన్నెండు రోజులకు చనిపోయాడు. డాక్టరు స్ప్రై కోసి చూస్తే కడుపులో 200 గ్రాములకు పైగా సీసం ముద్ద ఉంది.


నర్సక్క - వరంగల్
బుధవారం రాత్రి

నేను కాలిన గాయాల వార్డులో చాలా ఏళ్లు డ్యూటీ చేశాను. కరిగిన లోహం గొంతులోకి పోయి మనిషి పన్నెండు రోజులు బతకడం మా వాళ్లెవరైనా చెప్తే నేనూ రెండోసారి అడిగేదాన్ని. కానీ ఆ ముసలాయన పడ్డ బాధ తలచుకుంటే... తన ఒంట్లో ఏం జరిగిందో పేషెంటు చెప్తుంటే వినకపోవడం అన్నిటికంటే పెద్ద బాధ. తొంభై నాలుగేళ్ల మనిషి మాట అని తేలిగ్గా తీసేసి ఉంటారు. పేషెంటు చెప్పింది ముందు రాసుకో, తర్వాత అనుమానించు అని మా జూనియర్లకు చెప్తుంటాను.

డాక్టరు మాటైనా నమ్మారా సార్?


హన్మకొండ లెక్చరర్
గురువారం ఉదయం

మొదట నమ్మలేదక్కా. డాక్టరు స్ప్రై రాయల్ సొసైటీకి ఉత్తరం రాస్తే అనుమానించారు. ఆయన మాట నిలబెట్టుకోవడానికి జంతువుల గొంతులో కరిగిన సీసం పోసి అవి బతకడం చూపించాల్సి వచ్చింది. ఆ సీసం ముద్ద ఇప్పటికీ ఎడిన్‌బరోలో స్కాట్లండ్ జాతీయ మ్యూజియంలో ఉంది.


పాలంపేట
గురువారం మధ్యాహ్నం

చర్చ బాగుంది, కానీ నాకు ఒక బాధ. రామప్ప గుడి 1213 నాటిది. ఇసుక పునాది మీద నిలబడింది, గోపురం ఇటుకలు నీళ్లలో తేలుతాయి. ఎనిమిది వందల ఏళ్లు దాటింది. 2021లో యునెస్కో గుర్తించింది. మన శిల్పుల రాతి విద్య గురించి ఇంత వివరంగా మనమే రాసుకోవడం లేదు. ఇంగ్లండు టవర్ గురించి ఇంత పొడుగ్గా మాట్లాడుకుంటున్నాం.


కరీంనగర్ రాయి
గురువారం మధ్యాహ్నం

తమ్మీ, నీ బాధ నాదీ. కానీ రెండూ చెప్పుకుందాం, ఒకటి చెప్తే ఇంకోటి తగ్గిపోదు. రామప్ప శిల్పికి భూమి కదలడం సమస్య, అందుకే ఇసుక పునాది పెట్టి కొంచెం సర్దుకోనిచ్చాడు. స్మీటన్‌కు పక్క నుంచి కొట్టే అల సమస్య, అందుకే ఏ రాయీ కదలకుండా తాళం వేసినట్టు కట్టాడు. సమస్య వేరు కాబట్టి జవాబు వేరు. నువ్వు రామప్ప మీద మొదలుపెట్టు, రాళ్ల సంగతి నేను వచ్చి రాస్తా.


ములుగు సివిల్ ఫైనలియర్
గురువారం రాత్రి

సార్, ఇంత గట్టిగా కట్టిన స్మీటన్ టవర్ ఇప్పుడు దిబ్బ మీద లేదు, ప్లిమత్ ఊళ్లో ఉంది అని ఫొటోలో చూశా. ఎరుపు తెలుపు పట్టీలతో. ఎందుకు తీసేశారు? కూలిపోయే స్థితికి వచ్చిందా?


హన్మకొండ లెక్చరర్
శుక్రవారం రాత్రి

టవర్ కూలలేదమ్మా. కింద దిబ్బ అరిగిపోయింది.

వందేళ్లకు పైగా అలలు కొట్టి కొట్టి, టవర్ నిలబడ్డ రాయి అడుగును తొలిచేశాయి. పెద్ద అల తగిలినప్పుడల్లా టవర్ ఊగడం మొదలైంది. 1877లో ఇక్కడ ఇక ఉంచకూడదని తేల్చారు. స్మీటన్ రాళ్లు, కీళ్లు, మాల్ అన్నీ బాగానే ఉన్నాయి. ప్రకృతి ఇచ్చిన పునాదే ముందుగా లొంగిపోయింది, మనిషి కట్టింది లొంగలేదు. క్లాసులో నేను నొక్కి చెప్పాలనుకునేది ఇదే. పైన ఎంత గొప్పగా కట్టినా కింద రాయి పరీక్ష తప్పదు.

ఇంగ్లండు లైట్‌హౌస్‌లను చూసుకునే సంస్థ ట్రినిటీ హౌస్ ఇంజినీరు జేమ్స్ డగ్లస్ పక్కనే గట్టిగా ఉన్న ఇంకో రాయి మీద కొత్త టవర్ మొదలుపెట్టాడు. 1879 ఆగస్టు 19న శంకుస్థాపన, 1882 మే 18న దీపం. 49 మీటర్ల ఎత్తు, స్మీటన్ దాని కంటే రెట్టింపు పైనే. ఈయన స్మీటన్‌ను దిద్దిన చోటు ఒకటి ఉంది. స్మీటన్ టవర్ కింది భాగం ఓక్ చెట్టు మొదలులా వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు వెంట అల పైకి ఎగబాకి దీపం గది కింది అంచును ఎత్తి కొట్టేది. డగ్లస్ అడుగున నిలువు గోడతో లావుపాటి గుండ్రటి దిమ్మె కట్టి, దాని మీద టవర్ లేపాడు. అల ఆ దిమ్మెకు కొట్టుకుని అక్కడే విరిగిపోతుంది. డవ్‌టెయిల్ మాత్రం వదల్లేదు, ఇంకా పెంచాడు. పక్క రాళ్లకే కాదు, పైకీ కిందికీ కూడా కీళ్లు పెట్టాడు.

పాత టవర్‌ను ప్లిమత్ జనం పోగొట్టుకోలేకపోయారు. చందాలు వేసుకున్నారు. పై భాగాన్ని రాయి రాయి విప్పి తెచ్చి, ప్లిమత్‌లో సముద్రం ఎదురుగా ఉన్న హో మైదానంలో మళ్లీ కట్టారు. 1884లో తెరిచారు. గట్టి రాతి అడుగు భాగం మాత్రం దిబ్బ మీదే వదిలేశారు. కొత్త టవర్ పక్కన ఇప్పటికీ మొండెంలా కనపడుతుంది.

పాలంపేట తమ్ముడు అన్నదానికి కూడా ఇక్కడే జవాబుంది. మన వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం గుర్తుందా? 2006లో రాళ్లకు నంబర్లు వేసి విప్పారు, 2024లో మళ్లీ తెరిచారు. అక్కడ కూడా పునాదే కుంగింది. రాళ్లకు నంబరు వేసి విప్పి మళ్లీ నిలబెట్టడం ఎంత కష్టమో హన్మకొండలో కళ్లారా చూసినవాళ్లం, ప్లిమత్‌లో ఏం జరిగిందో మనకు ఇంకొకరు వివరించాల్సిన పనిలేదు.


ముంబై సిరిసిల్ల
శనివారం ఉదయం

మన దేశంలో కూడా ఇలాంటిది ఉంది. కొలాబా చివర, సముద్రంలో రాళ్ల మీద ప్రాంగ్స్ రీఫ్ లైట్‌హౌస్, 1875 నాటిది. మా నాన్న తరం వాళ్లు మగ్గాల పనికి ముంబై వచ్చినప్పటి నుంచి దూరంగా చూస్తూనే ఉన్నాం. దాని వెనక ఇంత కథ ఉందని ఇప్పుడే తెలిసింది. స్మీటన్ పద్ధతే ఇంకా ఎక్కడెక్కడ వాడారు సార్?


హన్మకొండ లెక్చరర్
శనివారం ఉదయం

స్కాట్లండ్‌లో బెల్ రాక్, రాబర్ట్ స్టీవెన్‌సన్ 1807లో మొదలుపెట్టాడు, 1811 ఫిబ్రవరి 1న వెలిగింది. ఈ రెండు శతాబ్దాలూ అలాగే నిలబడి ఉంది. ఆయన కొడుకు ఆలన్ కట్టిన స్కెర్రీవోర్ 1844లో వెలిగింది. దాని నమూనాలో బర్మా తీరాన అల్గ్వాడా రీఫ్ మీద ఫ్రేజర్ అనే ఇంజినీరు ఇంకొకటి కట్టాడు, 1865.


గోదావరిఖని రిటైర్డ్
శనివారం ఉదయం

ఇప్పుడు ఎడ్డిస్టోన్‌ల మనుషులు ఉన్నారా బిడ్డా?


హన్మకొండ లెక్చరర్
శనివారం ఉదయం

లేరు పెద్దాయనా. 1982లో ఆటోమేటిక్ చేశారు. కీపర్లు వెళ్లిపోయారు. దీపం గది పైన హెలికాప్టర్ దిగే వేదిక కట్టారు, రిపేరుకు వచ్చేవాళ్లు దాని మీద దిగుతారు. ఇప్పుడు సోలార్ కరెంటు. పది సెకన్లకు రెండుసార్లు తెల్లగా మెరుస్తుంది. ఆ లెక్క చూసి ఓడవాళ్లు ఇది ఎడ్డిస్టోన్ అని గుర్తుపడతారు.


జగిత్యాల - ఇప్పుడు గల్ఫ్‌లో
శనివారం మధ్యాహ్నం

అవును సార్, మాకూ అట్లనే ఉంటుంది, ప్రతి దీపానికీ దాని లెక్క దానిదే. రాత్రి డ్యూటీలో కొత్తగా వచ్చినవాళ్లకు మేము నేర్పేది అదే, వెలుగు చూడకు, లెక్కపెట్టు అని.


ములుగు సివిల్ ఫైనలియర్
శనివారం రాత్రి

సార్, మా టెక్ ఫెస్ట్‌కు స్మీటన్ టవర్ ఏడో వరస మోడల్ చేద్దామనుకుంటున్నాం. థర్మోకోల్‌తో చేస్తే పక్కకు లాగి చూపించేటప్పుడు విరిగిపోతుందని డౌట్. ఏంతో చేయమంటారు?


కరీంనగర్ రాయి
శనివారం రాత్రి

చెల్లె, థర్మోకోల్ వద్దు. మా యార్డులో స్లాబులు కోయగా మిగిలిన తుక్కు ముక్కలు చాలా ఉంటాయి, డబ్బులేమీ వద్దు. మధ్య రాయి ఒక జానెడు పెట్టుకోండి, చుట్టూ నాలుగు. డ్రాయింగు నిజమైన సైజులో పేపర్ మీద గీసి పంపండి, తోక మెడ దగ్గర మరీ సన్నం చేయొద్దు, కట్టర్‌కు విరుగుతుంది. మా పెద్ద మేస్త్రీ దగ్గర కూర్చోబెడతా, ఒక తోక మీరే ఉలితో చెక్కాలి. వచ్చేటప్పుడు కళ్లద్దాలు, మాస్కు తెచ్చుకోండి.


మంచిర్యాల ల్యాబ్
శనివారం రాత్రి

మోడల్ పక్కన రెండు గ్లాసులు కూడా పెట్టండి. ఒకదాంట్లో వట్టి సున్నం ఉండ, ఇంకోదాంట్లో సుర్కీ కలిపిన సున్నం ఉండ, రెండూ నీళ్లలో. ఫెస్ట్‌కు కనీసం నెల ముందే వేయండి, సుర్కీ నెమ్మదిగా పనిచేస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్లను రెండింటినీ వేలితో నొక్కి చూడమనండి.